పదిలో ఒకటి కాదు, సున్నా



"అనైహిలేషన్ ఆఫ్ క్యాస్ట్" మన హాస్టల్ గదుల్లో ఉంది, టీషర్టుల మీదా ఉంది. ఆ మొదటి మాట దగ్గర మాత్రం మనం పెద్దగా ఆగం. ఈ భాగం ఆ ఒక్క మాట గురించే.

ఆ మాట మూలం లాటిన్. అందులో "నిహిల్" అంటే ఏమీ లేకపోవడం. "ఇసుమంత కూడా లేదు" అంటామే, ఆ లెక్క. దేన్నైనా ఆ స్థితికి తేవడమే అనైహిలేషన్. తగ్గించడం కాదు, సున్నా చేయడం.

దీని పక్కన "డెసిమేట్" అనే మాట పెట్టి చూడండి. ఇవాళ దాన్నీ ఘోర వినాశనానికే వాడుతున్నారు. కానీ పుట్టుకలో అది రోమన్ సైన్యంలో ఒక శిక్ష. తిరగబడ్డ దళంలో చీటీలు వేసి పదిమందికి ఒకణ్ణి చంపేవాళ్లు. మిగతా తొమ్మిదిమంది మళ్లీ అదే సైన్యంలో, అదే అధికారి కింద. అంటే ఆ శిక్ష సైన్యాన్ని రద్దు చేయదు, దారికి తెచ్చి కాపాడుతుంది.

కులం విషయంలో మన సంస్కర్తలు చేసేది ఈ రెండో పనే. పేరు చివర తోక తీసేస్తారు. సహపంక్తి భోజనం చేసి ఫొటో పెడతారు. పదిలో ఒకటి వదిలి తొమ్మిది దాచుకుంటారు. పెళ్లి మాట రాగానే ఆ తొమ్మిదీ బయటికొస్తాయి. 2018లో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికించింది ఆ దాచుకున్న తొమ్మిదే.

లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ బాబాసాహెబ్‌ను తమ 1936 సభకు అధ్యక్షుడిగా పిలిచింది. కులాన్ని విరగ్గొడతామని పేరులోనే చెప్పుకున్న సంస్థ అది. తీరా ప్రసంగ పాఠం చదివాక, వేదశాస్త్రాల జోలికి వెళ్లొద్దంది. కామా కూడా మార్చనన్నారు ఆయన. సభ రద్దయింది. సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు.

శాస్త్రాల దగ్గర ఆయన ఎందుకంత పట్టుబట్టారు? కులం మనసులో పాతుకున్న నమ్మకం. దానికి పవిత్రత అంటగట్టింది శాస్త్రం. అది పోకుండా కులం పోదు. తెలుగులో "నిర్మూలన" అన్నది అందుకే సరిగ్గా అమరింది. మూలం అంటే వేరు. కొమ్మలు నరికితే చెట్టు ఇంకా గుబురుగా చిగురిస్తుంది.

"అయితే మనుషుల్ని చంపమంటారా?" అని అడిగేవాళ్లు ఆ పుస్తకం తెరవనివాళ్లు. అందులో పౌరోహిత్యం గురించి ఏముందో చూడండి. అది వారసత్వంగా రాకూడదు, పరీక్ష పెట్టాలి, ప్రభుత్వం సనదు ఇవ్వాలి. పూజారి ఉంటాడు. పుట్టుకతో పూజారి అయ్యే హక్కే సున్నా అవుతుంది.

రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది అంటరానితనాన్ని. కులాన్ని కాదు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి "ఇప్పుడు కులం చాలా తగ్గింది కదా" అని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: తగ్గిందా, పోయిందా? బాబాసాహెబ్ తన పుస్తకానికి పెట్టిన పేరులో తగ్గింపు లేదు.

జై భీమ్.