విజ్జీ అంటే ఎవరు?

విజయనగరం పేరు చెప్పగానే పాటకచేరీలు వినే పెద్దవాళ్ళకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు గుర్తుకు వస్తుంది. పుస్తకాలు చదివేవారికి గురజాడ అప్పారావుగారు గుర్తుకు వస్తారు. కండబలం మీద గౌరవమున్నవారు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారిని తలుచుకుంటారు. కాని క్రికెట్టు ఆడే దేశాల్లో ఆ ఊరి పేరు వినిపించింది వీరెవ్వరివల్లా కాదు. విజ్జీ వల్ల.

కిందటి దసరా తరవాత సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళాను. పైడితల్లి అమ్మవారి దర్శనమయింది, సిరిమాను చూడడమూ అయింది. మా వియ్యాలవారు ఇంకొక్కరోజు వుండమన్నారు. సరేనని ఆగి, మర్నాడు పొద్దున్నే కాళ్ళు సాగినంతమేర నడిచి వద్దామని బయలుదేరి, విజ్జీ స్టేడియం దగ్గర తేలాను.

పదిమందిదాకా కుర్రాళ్ళు టెన్నిసు బంతితో ఆడుతున్నారు. నేను నిలబడి చూడడం గమనించి, వాళ్ళలో పొడుగుపాటివాడొకడు దగ్గరకు వచ్చాడు.

"తాతగారూ, మాకో మనిషి తక్కువయ్యాడండి. ఆడతారేటి?"

అరవైయేళ్ళు దాటినవాణ్ణి అలా అడిగితే కాదనడం ఎవరి తరం? చెప్పులు విడిచి, పంచె యెగగట్టి, బాటు పుచ్చుకున్నాను. ఆరు బంతులు ఆడాను. రెండు నన్ను దాటిపోయినాయి, ఒకటి కాలికి తగిలింది, రెండింటికి రెండేసి పరుగులు వచ్చినాయి, ఆరోది వికెట్టుగా పెట్టిన ఇటుకలను పడగొట్టింది. మొత్తం నాలుగు పరుగులు. నా వయస్సుకు తక్కువేమీ కాదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ జవాబు చెప్పకుండా మోకాళ్ళకు రాసే తైలం వెతకబోయింది.

ఆట మధ్యలో కుర్రాళ్ళు నీళ్ళు తాగుతూంటే అడిగాను: "ఈ విజ్జీ అంటే ఎవర్రా?"

"రాజుగారండి" అన్నాడొకడు.

"కాదండి, ఊరి పేరేనండి. విజయనగరాన్ని ముద్దుగా అలాగంటారు" అన్నాడు ఇంకొకడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆయన పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. రాజావారి రెండవ కుమారుడు కాబట్టి సంస్థానం అన్నగారికి వెళ్ళింది. ఈయన కాశీ చేరి, అక్కడ తమ కుటుంబానికి వున్న భవనంలో స్థిరపడ్డారు. ఆ ఆవరణలో క్రికెట్టు మైదానం తయారు చేయించి, సొంత జట్టు కట్టారు. తెల్లదొరలకు మన విజయనగరం నోరు తిరగలేదేమో, విజ్జీ చేశారు. ఊరి పేరే మనిషి పేరయింది.

ఆయన చేసిన గొప్ప పనులు ముందు చెప్పుకోవాలి. 1930లో దేశమంతా శాసనోల్లంఘన ఉద్యమంతో అట్టుడికిపోతూంటే, రావలసిన ఇంగ్లీషు జట్టు రావడం మానుకున్నది. అప్పుడు విజ్జీ తన జట్టునే దేశమంతటా, సింహళందాకా తిప్పారు. ఆ జట్టులోకి ఇంగ్లండునుంచి జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ రప్పించారు. ఆ రోజుల్లో మొదటి జోడీ బాట్స్‌మెన్ అంటే ప్రపంచంలో వీరిద్దరి పేర్లే చెప్పేవారు. హాబ్స్‌కు అప్పటికి నలభై యెనిమిదేళ్ళు. అంతటివాణ్ణి మన పల్లెల ఎండల్లోకి రప్పించడం డబ్బుతోనే అయ్యే పని కాదు, ఆదరణ కూడా కావాలి. 1934 జనవరిలో జార్డైన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లీషు జట్టు మనదేశంలో ఒక్క ఆటే ఓడిపోయింది. ఓడించినది విజ్జీ జట్టు, కాశీలో, పద్నాలుగు పరుగుల తేడాతో.

అక్కడితో ఆగివుంటే ఎంత బాగుండేది! కాని పెళ్ళికి పందిరి వేయించిన పెద్దమనిషి పెళ్ళిపీట కూడా తనకే కావాలన్నాడు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన జట్టుకు విజ్జీ కెప్టెన్ అయినారు. మన మొట్టమొదటి టెస్టుకు నాయకుడైన సి.కె. నాయుడుగారు ఈయన కింద ఆడవలసి వచ్చింది. జట్టు రెండు ముఠాలయింది. మంచి ఊపుమీదున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే, క్రమశిక్షణ పేరు చెప్పి, ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తరవాత జరిగిన విచారణలో అమర్‌నాథ్ తప్పు లేదని తేలింది, తప్పు నాయకత్వానిదన్నారు. మాంచెస్టరులో విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ కలిసి మొదటి వికెట్టుకు 203 పరుగులు చేశారు. ఆ ఆటలోనే మర్చంటును రనౌట్ చేయించమని కెప్టెన్ తనకు చెప్పాడనీ, ఆ మాట తాను మర్చంటుకు చెప్పేశాననీ, ఇద్దరూ నవ్వుకుని ఆడుకున్నామనీ ముస్తాక్ అలీ తరవాత చెప్పారు.

ఇంతకూ విజ్జీ స్వయంగా చేసినదెంత? మూడు టెస్టుల్లో ముప్ఫై మూడు పరుగులు. సగటు 8.25. మూడింటిలో రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా చేసుకుని మన జట్టు తిరిగి వచ్చింది. ఆ పర్యటనలోనే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో ఆ బిరుదును ఆయనే వదులుకున్నారు.

చాలామంది విజ్జీ కథ ఇక్కడితో ముగించి నవ్వుతారు. నాకు మాత్రం ఆ తరవాతి భాగమే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. 1952లో బోర్డు ఉపాధ్యక్షుడుగా వుండి, తాను ఓడ ఎక్కించిన ఆ అమర్‌నాథ్‌నే మళ్ళీ కెప్టెన్ చేయడానికి విజ్జీ పూనుకున్నారు. ఆ ఏడు పాకిస్తానుతో జరిగిన మొదటి సిరీసును అమర్‌నాథ్ జట్టు 2-1గా గెలిచింది. 1956-57లో, అరవై ఒకటో యేట, సి.కె. నాయుడుగారిని పిలిచి ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుణ్ణి చేసినదీ విజ్జీయే. క్షమాపణ చెప్పుకున్నారో లేదో మనం చూడలేదు. కాని ఎవరిని కిందికి లాగారో వారికే మళ్ళీ పీట వేశారు. మన ఇళ్ళలో ఎందరు పెద్దలు ఆ మాత్రం చేస్తున్నారు?

తరవాత బోర్డు అధ్యక్షులు, 1960లో విశాఖపట్నంనుంచి లోక్‌సభ సభ్యులు, తరచు రేడియో వ్యాఖ్యాత. ఆ వ్యాఖ్యానం మీద ఒక హాస్యం ప్రచారంలో వుంది. తాను పులుల్ని వేటాడిన వైనం చెబుతూంటే విని, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, "తుపాకీ ఎందుకు? మీ వ్యాఖ్యానం పెట్టి రేడియో వదిలేస్తే అవే చస్తాయి కదా!" అన్నాడట. 1965 డిసెంబరు 2న విజ్జీ కాశీలో కన్నుమూశారు. 1966-67నుంచి విశ్వవిద్యాలయాల ప్రాంతీయ జట్ల మధ్య ఆయన పేర విజ్జీ ట్రోఫీ మొదలయింది.

కుర్రాళ్ళకు ఇదంతా చెప్పలేదు, ఎండెక్కుతున్నది. చెప్పవలసినది పెద్దవాళ్ళమే. ఊరికి ఒక మైదానం వుండి, దానికి ఒక పేరు వుంటే, ఆ పేరు వెనుక మనిషిని పూర్తిగా చెప్పాలి. దానకర్ణుడని చెబితే అబద్ధం, పరిహాసపాత్రుడని చెబితే సగం అబద్ధం. ఆటను ప్రాణంగా ప్రేమించి, తానే దాన్ని గాయపరచి, మళ్ళీ తానే కట్టుకట్టిన మనిషి అని నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పిల్లలు చదివేచోట పెడితే చాలు.

ఎనిమిది పరుగుల సగటు కూడా పిల్లలకు చెప్పవలసిందే. ఆయన అన్నగారి కుమారుడు పి.వి.జి. రాజుగారి పేరుతో విజయనగరంలో వున్న మరో మైదానంలో, 2019 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా జట్టుతో జరిగిన సన్నాహపు ఆటలో రోహిత్ శర్మ సున్నాకే వెనుదిరిగాడు. వారం తిరగకుండా విశాఖపట్నం టెస్టులో 176, 127 చేశాడు. మైదానానికి ఎవరిమీదా పక్షపాతం లేదు. ఈవేళ సున్నా చుట్టినవాణ్ణి రేపు మళ్ళీ రమ్మంటుంది. మనుషులం మనమే ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకుంటాము.