కంచె ఎవరిదో అడగండి

బ్లాకర్ పెట్టుకున్నా యాడ్లు వస్తున్నాయంటే, బ్లాకర్ చేతకానిదని తిట్టుకుంటాం. కానీ కొన్నిసార్లు గేటు తీసేది లోపలివాళ్లే. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011 నుంచి 'ఆమోదయోగ్యమైన' యాడ్లను తనంతట తానే రానిస్తోంది. అందుకు పెద్ద కంపెనీలు డబ్బు కడతాయి. వద్దంటే సెట్టింగ్స్ వెతుక్కుని ఆపుకోవాల్సింది మనమే.

ఇక క్రోమ్ సంగతి. మానిఫెస్ట్ వీ3 నిబంధనలతో, దేన్ని ఆపాలో అప్పటికప్పుడు తేల్చే అధికారాన్ని ఎక్స్‌టెన్షన్ల నుంచి లాగేసుకుంది. విరాళాలు కూడా తీసుకోని యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ మూతపడింది. బలం తగ్గిన 'లైట్' మిగిలింది. ఇదంతా మన భద్రత కోసమేనట! మనం తెరిచే పేజీలన్నీ చూడగల ఎక్స్‌టెన్షన్ ప్రమాదమే, ఒప్పుకుందాం. కానీ కొత్త నిబంధనల్లోనూ అనుమతిస్తే అది చూడగలదు. పోయింది అప్పటికప్పుడు తేల్చి ఆపే శక్తి. మరి ఇది ఎవరి భద్రత?

గూగుల్ ప్రధాన ఆదాయం యాడ్లే. కంచే చేను మేస్తుంటే కాపలావాడిని మార్చి ఏం లాభం? ఫైర్‌ఫాక్స్ పాత దారి ఇంకా మూయలేదు, వాడండి. దానికీ ఎక్కువ డబ్బు గూగుల్ నుంచే వస్తుందని మాత్రం మర్చిపోకండి.