ఆ 20 మార్కులు ఎవరి చేతిలో?

పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు ఉండాలా వద్దా అన్న విషయంలో తెలంగాణ ప్రభుత్వం ఊగిసలాడుతూ వచ్చింది. 2024 నవంబరులో వాటిని ఎత్తివేసి 100 మార్కులకూ రాతపరీక్షే పెడతామన్నది. విమర్శలు రాగానే అమలును ఏడాది వాయిదా వేసింది. 2025 ఆగస్టులో పాత 80-20 పద్ధతే కొనసాగుతుందన్నది. చర్చంతా ఒత్తిడి, నాణ్యత అన్న రెండు మాటల చుట్టూ తిరిగింది. కులం ప్రస్తావన అందులో పెద్దగా వినిపించలేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం ఆశయం ఉన్నతమైనదే. విద్యార్థి ఎక్కడ వెనుకబడుతున్నాడో ఉపాధ్యాయుడు ఏడాది పొడవునా గమనించి చేయూతనివ్వాలన్నది దాని సారం. ఆచరణలో అది భాగస్వామ్యానికి 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5 అనే లెక్కగా కుదించుకుపోయింది. ఆ మార్కులు వేసే చేతికి విద్యార్థి ఇంటిపేరూ తెలుసు, వాడా తెలుసు. పబ్లిక్ పరీక్ష పత్రం దిద్దే చేతికి తెలిసేది కోడ్ సంఖ్య మాత్రమే.

ఈ తేడా సామాన్యమైనది కాదు. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, జవాబుపత్రాలపై కులాన్ని యాదృచ్ఛికంగా మార్చి రాసి ఉపాధ్యాయులతో దిద్దించారు. కింది కులమని రాసిన పత్రాలకు కొంత తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా ప్రధానంగా కనిపించింది కింది కులాల ఉపాధ్యాయులు దిద్దిన పత్రాల్లోనే. కులం మన చూపులో ఎంతగా ఇంకిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక పాలమూరు, నల్లగొండ జిల్లాల సంగతి చూద్దాం. తల్లిదండ్రులు వలసపోయిన ఇంట్లో తమ్ముళ్లను సాకుతూ, పత్తి ఏరే రోజుల్లో కూలికి పోతూ బడి తప్పే దేవరకొండ తండా పిల్లకు భాగస్వామ్యం మార్కులు ఎక్కడివి? చార్టులు, రంగులు, ప్రింట్లు కొనలేని మక్తల్ మాదిగవాడ పిల్లవాడి ప్రాజెక్టుకు ఎన్ని మార్కులు? అదే సమయంలో, ఫలితాలనే ప్రకటనలుగా మార్చుకునే ప్రైవేటు పాఠశాల అందరికీ 20కి 20 వేసుకుంటే అడ్డేముంది?

అంతర్గత మార్కులే సర్వస్వమైతే ఏమవుతుందో కరోనా కాలం చూపింది. 2019లో 10 జీపీఏ సాధించినవారు 9 వేలు దాటలేదు. పరీక్షలు రద్దయిన 2021లో వారు 2 లక్షల 10 వేలు దాటారు. ఆ గ్రేడ్లతో ఎంపిక సాధ్యంకాక బాసర ట్రిపుల్ ఐటీ ఆ ఏడాది పాలీసెట్ ర్యాంకులను ఆశ్రయించింది. పల్లె పిల్లలకు నిచ్చెన లాంటి సంస్థే నమ్మలేని కొలమానమది.

రాతపరీక్ష నిష్కళంకమైనదని నేననను. 2025 మార్చిలో నకిరేకల్‌లో మొదటిరోజే తెలుగు ప్రశ్నపత్రం బయటికి పొక్కింది. ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో గ్రాంథిక తెలుగు చదివే పిల్ల జ్ఞానాన్ని మూడు గంటల్లో తూచడమూ అన్యాయమే. అయినా పేరు కనబడని పత్రం ఆ పిల్లకు ఇచ్చే రక్షణను వదులుకోమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి ఈ రెండు పనులనూ వేరుచేయాలి. నిరంతర మూల్యాంకనం తొమ్మిది, పది తరగతుల్లో తప్పక సాగాలి. వెనుకబాటు బయటపడ్డ ప్రతి విద్యార్థికీ అదనపు బోధన, ఖాళీల్లేని ఉపాధ్యాయ పోస్టులు, వలస కాలంలో హాస్టల్ వసతి దానికి జతకావాలి. దాని మార్కులు మాత్రం మెమోలోకి ఎక్కకూడదు. సీటు నిర్ణయించే అంకె, విద్యార్థి కులం తెలియని చేతి నుంచే రావాలి.