చిరుత పెంటలో మన మేక వెంట్రుక

విశాఖ అంటే ఓడరేవు, ఉక్కు కర్మాగారం అనుకుంటాం. ఆ నగరం అంచునే సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. ఒక పక్క జాతీయ రహదారి, ఇంకో పక్క కాలనీలు. నడుమ చిరుతపులి. దుప్పి, కణుజు, అడవిపంది, కుందేలు దాని తిండి. ఊరి అంచుకొస్తే కుక్క, మేక.

చిరుత బతకాలి. ఈ మాట ముందే చెబుతున్నాం. వేటాడే జంతువు పోతే మేసే జంతువులు పెరిగి అడవిలో మొలక లేవదు, పందులు పెరిగి చేను మిగలదు. పరిశోధన చేసేవాళ్లతో మాకు తగువు లేదు. మేం అడిగేదొక్కటే: ఆ లెక్కలో మనమెక్కడ?

వాళ్లు చెట్లకు కెమెరాలు కడతారు. ఏ చిరుత మచ్చలు దానివే. ఆ మచ్చల్ని బట్టి ఎన్ని ఉన్నాయో తేలుస్తారు. పెంట ఏరి, కడిగి, అందులో వెంట్రుకల్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. దుప్పిని తిన్నదో మేకను తిన్నదో తెలిసిపోతుంది.

మహారాష్ట్రలో అకోలే ప్రాంతంలో ఇలాగే చూశారు. చిరుత తిండి బరువులో 87 శాతం పెంపుడు జంతువులే. కుక్కలు 39 శాతం. కుక్కలకు ఏడింతలున్నా మేకలు 11 శాతమే! ఎందుకని? కుక్క రాత్రంతా వీధిలో తిరుగుతుంది. మేకకు పగలు కాపరి, రాత్రి దొడ్డి. చిరుతకూ ఊరికీ పోరు ముదరకుండా ఆపుతున్నది ఆ కాపరే. ఆ కాపలాకి జీతమెవడిచ్చాడు?

2022లో పెద్దపులి కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు పశువుల్ని చంపి, అనకాపల్లి జిల్లాదాకా నడిచింది. పులి అడుగులు పేపర్లలో లెక్కపెట్టారు. భయంతో జీవాల్ని తోలుకెళ్లలేని ఇంట్లో పోయిన కూలి ఎవరు లెక్కపెట్టారు?

సెంటు భూమి లేనోడికి మేకే బ్యాంకు. మేక పోయిందంటే కళేబరం చూపించమంటారు. చిరుత నోట కరుచుకుపోయాక కళేబరం ఎక్కణ్ణించి తెచ్చేది? పెంటలో వెంట్రుక పరిశోధనకు సాక్ష్యమైతే, పేదోడి నష్టానికి ఎందుకు కాదు?

అందుకే అడుగుదాం. పరిశోధన ఫలితాలు తెలుగులో గ్రామసభలో చదవాలి. జాడ చూపే కాపరికి, కూలికి కూలిడబ్బూ ఇవ్వాలి, రిపోర్టులో పేరూ రాయాలి. మేక వెంట్రుక దొరికిన చోట పరిహారం దానంతటదే రావాలి.

మన పేటల్లో కుర్రాళ్లు ఈ రోజే ఒక నోటుపుస్తకం తెరవండి. ఏ తేదీ, ఏ కొండ, ఎవరి జీవం, ఏ వేళ పోయిందో రాయండి. చిరుత లెక్క వాళ్ల దగ్గరుంది. మన లెక్క మన దగ్గరుండాలి.