ఎవరికి ఎవరు చుట్టాలు?

సుఖంగా ఉన్న రోజుల్లో ఎవరు ఎవరికి దగ్గరో తెలియదు. కష్టం వచ్చినప్పుడే తెలుస్తుంది. మన అమ్మమ్మలు ఎప్పుడో కనిపెట్టిన ఈ సూత్రాన్నే శాస్త్రజ్ఞులు జన్యువులకు అన్వయించి, లెక్కలు కట్టి చూపిస్తున్నారు.

మా మెట్టసీమ సంగతే చూడండి. జగ్గయ్యపేట దగ్గర వానను నమ్ముకున్న చేలోనూ, నందిగామ దగ్గర ఒక తడి అందిన చేలోనూ ఒకే కందివిత్తనం చల్లితే, పైరు రెండు రకాలుగా పెరుగుతుంది. విత్తనంలోని జన్యువులు మాత్రం అవే! అన్ని జన్యువులూ అన్నివేళలా ఒకే జోరుగా పనిచెయ్యవు. ఎండ ముదిరితే కొన్ని విజృంభిస్తాయి, కొన్ని సద్దుమణుగుతాయి. ఆ జోరును ఈనాడు కొలవగలుగుతున్నారు.

కొలిచాక వస్తుంది అసలు చిక్కు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆధ్వర్యాన 2011లో 'ఆశ' అనే కందిరకం జన్యుపటం వెలువడింది. అందులో లెక్కతేలిన జన్యువులు 48,680. వాటిని పది పరిస్థితుల్లో కొలిస్తే దాదాపు అయిదు లక్షల అంకెలు! వాటిని వరసగా చదివి అర్థం చేసుకోవడం మానవమాత్రుడి తరం కాదు. అంచేత కలిసి పెరిగి కలిసి తగ్గేవాటిని ఒక్కొక్క గుంపుగా చేరుస్తారు.

రొట్టెపిండిని పొంగించే ఈస్టు మీద అమెరికాలో చేసిన ఇలాంటి పరిశోధన 2000లో వెలువడింది. వేడి, ఆకలి, ఇలా రకరకాల కష్టాలు పెట్టి చూశారు. దాని 6,000 జన్యువుల్లో సుమారు 900 ఏ కష్టానికైనా ఒకే తీరుగా స్పందించాయి. దాదాపు 600 తగ్గాయి. అవి ఎక్కువగా ఎదుగుదలకు సంబంధించినవి. సుమారు 300 పెరిగాయి. వాటిలో రక్షణకూ మరమ్మతుకూ పనికివచ్చేవి ఎన్నో. జీతం ఆగిన ఇంట్లో కొత్తగది కట్టడం మానుకుని, కారే కప్పు బాగుచేయించుకోమూ? అదే సంసారపక్షం! పని తెలియని జన్యువు ఏ గుంపులో తిరుగుతోందో చూస్తే, దాని పనేమిటో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

అయితే 'దగ్గర' అంటే ఏమిటో ముందు తేల్చాలి కదా! ఇక్కడ నందిగామ గర్వించదగ్గ మాట ఒకటుంది. చిన్నతనంలో ఈ ఊళ్ళో కూడా చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) గణాంకశాస్త్రంలో ప్రపంచప్రఖ్యాతి పొందారు. కలకత్తాలో ఆయన గురువు మహలనోబిస్ 1936లో దూరాన్ని కొలిచే ఒక పద్ధతి ప్రతిపాదించారు. మనిషి ఎత్తూ, కాలి పొడుగూ సాధారణంగా కలిసే పెరుగుతాయి. రెంటినీ విడివిడిగా లెక్కవేస్తే ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించినట్టే. ఆ పొరపాటు రాకుండా చూసే కొలత అది. రావుగారు 1952 నాటి తమ గ్రంథంలో ఆ దూరాలను బట్టి గుంపులు కట్టే పద్ధతిని వివరించారు. పైరురకాలను వర్గీకరించడానికి మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా దాన్ని వాడుతున్నారు. జన్యువుల జోరుకు నేడు వాడే లెక్కలు వేరు కావచ్చు. మూలప్రశ్న మాత్రం అదే.

ఒక్క హెచ్చరిక. పెళ్ళిపందిట్లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళంతా చుట్టాలు కారు. కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేం. పైగా వేడిలో కలిసి నడిచిన రెండు జన్యువులు ఉప్పునేలలో విడిపోవచ్చు. నీళ్ళు పుష్కలంగా ఉన్న పొలంలో మాత్రమే కొలిచి కట్టిన గుంపులను నమ్ముకుంటే, వాన మొహం చాటేసిన ఏడు మెట్టరైతు మునుగుతాడు. అప్పు అతనిది, పంట అతనిది. అందుకే ఆ లెక్కల్లో మా జగ్గయ్యపేట మెట్టచేలకూ ఒక వరస ఉండాలంటాను. విత్తనాల సంచి మీద 'మంచి రకం' అని అచ్చువేస్తే సరిపోదు. ఏ నేలకు, ఏ ఎద్దడికి మంచిదో కూడా చెప్పాలి.