రేటులో పోటీ, కులంలో పొత్తు

కాశీబుగ్గలో లాడ్జీలోళ్లు ఒకరి బేరం ఒకరు లాక్కుంటారు. ఒకడు రేటు తగ్గిస్తే ఎదురోడు ఇంకా తగ్గిస్తాడు. మరి "మీరెవులు?" అని కులం ఆరా తీసేకాడ ఆ పోటీ ఏమైపోతోంది?

డబ్బుకి కులం లేదంటారు మేధావులు. 1917లో బరోడాలో అంబేద్కర్ దిగిన పార్శీ సత్రంలో వేరే మనిషే లేడు. రోజుకి రూపాయిన్నర అద్దె. అయినా కులం తెలిశాక, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. గది ఖాళీగానైనా ఉంచుకుంటారు, మనల్ని మాత్రం ఉంచరు!

రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ల పేరెత్తి మరీ ఈ వివక్షని నిషేధించింది. 1955 చట్టం దాన్ని నేరమంది. కులం చూసి గది లేదంటే పక్క లాడ్జీ వెతుక్కోకండి. అక్కడే నిలదీయండి, కేసు పెట్టండి. పోటీ మనకి తలుపు తియ్యదు. మనమే తీయించాలి.