ఏసీకి ఐస్ పడితే గ్యాస్ అయిపోయినట్లేనా?

దర్శి: ఎండలు ముదిరాయంటే దర్శిలో రెండు వ్యాపారాలు జోరందుకుంటాయి. ఒకటి మంచినీళ్ళ క్యాన్లు. రెండోది ఏసీలకు గ్యాస్ ఎక్కించడం. మొదటిదానితో ఎవరికీ పేచీ లేదు. రెండోదాన్ని గురించే కాస్త ఆలోచించవలసి ఉంది.

ఒకప్పుడు ఏసీ గాలి తగలాలంటే ఒంగోలు వెళ్ళవలసిందే. ఇప్పుడు పొదిలి రోడ్డులో బట్టల కొట్టుకూ, అద్దంకి రోడ్డులో మందుల షాపుకూ, వాడల్లోని డాబా ఇళ్ళకూ కూడా ఏసీలు వచ్చాయి. వాటితోపాటే ఒక ఫిర్యాదూ వచ్చింది. యంత్రం పెట్టిన గంటో రెండు గంటలో బాగానే చల్లబరుస్తుంది. తరువాత గాలి సన్నగిల్లుతుంది. మూత తీసి చూస్తే లోపలి కాయిల్ నిండా తెల్లగా ఐసు! వచ్చిన మెకానిక్ నోట మొదటి మాట, "గ్యాస్ అయిపోయిందండీ." గ్యాస్ ఎక్కుతుంది, డబ్బు చేతులు మారుతుంది, నెల తిరక్కుండా ఐసు మళ్ళీ వస్తుంది.

గ్యాస్ అయిపోవడమన్న మాటలోనే తిరకాసు ఉంది. ఏసీలోని గ్యాస్ స్కూటరులో పెట్రోలు కాదు, వాడితే తరగడానికి. మూసిన రాగి గొట్టాలలో అది తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్లే లెక్క. కారే చోటు వెతకకుండా మళ్ళీ నింపడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

అసలు ఐసు ఎందుకు పడుతుంది? పాత ఆర్-22 గ్యాస్ యంత్రాన్నే తీసుకుంటే, లోపలి కాయిల్‌లో ఆ ద్రవం సుమారు 4, 5 డిగ్రీల దగ్గర మరగాలి. గదిలోని వేడిగాలి కాయిల్ మీదుగా పోతూ తన వేడిని ఇస్తుంటేనే ఆ 4, 5 డిగ్రీలు నిలుస్తాయి. గాలిలోని తేమ నీరై గొట్టంగుండా బయటికి కారిపోతుంది. ఇది జబ్బు కాదు, యంత్రం చేయవలసిన పనే. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం తన యంత్రాన్ని రూపొందించింది కూడా కాగితాన్ని పాడుచేస్తున్న తేమను అదుపు చేయడానికే. గాలి తగ్గిననాడు కాయిల్‌కు వేడి అందదు. అది సున్నా కిందికి దిగుతుంది, తేమ నీరు కాకుండా మంచు అవుతుంది. ఆ మంచు గాలికి మరింత అడ్డుపడుతుంది. ఇక మంచు మీద మంచు పేరుకుపోతుంది.

మరి గాలి ఎందుకు తగ్గుతుంది? మన ఊళ్ళో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కరలేదు. రోడ్ల దుమ్ము, మిరప కళ్ళాల ఘాటు, పత్తి నూగు! మార్కాపురం వైపు పలకల పొడి సంగతి వేరే చెప్పాలా? వీటన్నిటినీ పట్టే జాలీని, అదే ఫిల్టరును, కొన్న నాటినుంచి ఒక్కసారైనా కడగని ఇళ్ళు ఎన్నో! ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి దానిని తీసి కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టడానికి పావుగంట పట్టదు. బ్లోయర్ రెక్కల మీద మట్టి పట్టినా, లో వోల్టేజి వల్ల ఫ్యాను మందగించినా, కాయిల్ దగ్గరి సెన్సార్ చెడినా ఇదే ఫలితం.

గ్యాస్ తగ్గినప్పుడు కూడా ఐసు పడుతుంది, నిజమే. పీడనం పడిపోయి ద్రవం ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరుగుతుంది గనుక. అయితే రెండింటికీ తేడా కంటికి కనిపిస్తుంది. స్ప్లిట్ ఏసీలో చాలా సందర్భాలలో గ్యాస్ తక్కువైతే బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టానికి మంచు పడుతుంది, లోపలి కాయిల్‌లో ఒక మూలే తెల్లబడుతుంది. గాలి తక్కువైతే కాయిల్ అంతటా పట్టి, లావు గొట్టం మీదికి పాకుతుంది. సముద్రంలో తిరిగే పెద్ద పడవల ఏసీలదీ ఇదే వరస. అవి వేడిని సముద్రపు నీటిలోకి వదులుతాయి. ఆ నీటి జల్లెడ పూడుకుంటే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది గాని ఐసు పట్టదు. ఐసు పట్టిందంటే అక్కడా ముందు చూసేది గాలి దారినే. సముద్రం లేని దర్శికైనా ఈ సూత్రం పనికొస్తుంది.

ఐసు కనిపించగానే స్క్రూడ్రైవరుతో గీకేవారున్నారు. గొట్టం చిల్లుపడితే అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది! చల్లదనం ఆపి, ఫ్యాను ఒక్కటే నాలుగైదు గంటలు తిప్పితే అదే కరుగుతుంది. అంత ఐసుతో యంత్రాన్ని నడిపితే మరగని ద్రవం కంప్రెసర్‌లోకి చేరి దానినే తినేస్తుంది. అప్పటి ఖర్చుతో పోలిస్తే గ్యాస్ ఖర్చు ఒక లెక్కా?

ఇది ఇంటి ఖర్చుతో తీరే సంగతీ కాదు. ఆర్-22 ఓజోన్ పొరకు చేటు చేసేది. వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,800 రెట్లు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా మానుకోవాలి. కొత్త యంత్రాలలో ఆర్-32 వస్తోంది, కొన్నింటిలో ప్రొపేన్. మొదటిదానికి కొద్దిగా మండే గుణం ఉంది, రెండోది వంటగ్యాస్‌లో ఉండేదే. ఏ యంత్రంలో ఏ గ్యాస్ ఉందో రేకు మీద చదవకుండా చేతిలో ఉన్నది ఎక్కించడం నిప్పుతో చెలగాటమే.

అంతమాత్రాన తప్పంతా మెకానిక్‌ల మీదే నెట్టడం న్యాయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కొక్కరికీ పది చోట్ల నుంచి కబురు. నైట్రోజన్ నింపి, సబ్బు నురుగుతో ప్రతి అతుకూ పరీక్షించి, కారే చోట వెల్డింగు చేసి, వ్యాక్యూమ్ పంపు పెట్టి గాలీ తేమా లాగి, ఆపైన తూకం ప్రకారం గ్యాస్ నింపాలంటే సగం పూట పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక ఎవరికుంది? జాలీ కడిగి రెండు వందలు అడిగితే "ఈమాత్రం దానికా!" అని బేరమాడేవారే, గ్యాస్ అంటే వేలు మారుమాట లేకుండా ఇస్తారు. పని తెలిసినవాడికి పని చేయనిచ్చే గిరాకీ కూడా ఉండాలి కదా.

ఐటిఐలలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్ళు నేర్పుతున్నారు. ఆ చదువు లేకుండా పని చూసి నేర్చుకున్నవారికి పశ్చిమ ప్రకాశంలో వేసవికి ముందే నాలుగు రోజుల శిక్షణ ఏర్పాటు చేయడం అధికారులకు కష్టమైన పని కాదు. వర్తక సంఘాలు పూనుకున్నా సరే. ఇక గ్యాస్ ఎక్కించిన ప్రతిసారీ మూడు ముక్కలు రసీదు మీద రాయించుకోవడం వినియోగదారుల చేతిలోనే ఉంది: నింపకముందు పీడనం ఎంత, లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు నింపారు. రెండోదానికి జవాబు లేని రసీదుకు డబ్బు చెల్లించనవసరం లేదు.